కాఫీరంగు మేజోళ్లు

తూర్పు సముద్రపు దీవుల్లోని ఇలోయిలో ఊళ్లో కాలే రియాల్ వీధిలోని పెద్ద బట్టల దుకాణంలో, రెండో అంతస్తు చెప్పుల విభాగంలో లియోనిలా ముప్పై ఏళ్లుగా నిలబడి ఉంది. పనిచేస్తోంది అనడం కన్నా నిలబడి ఉంది అనడమే నిజం. అక్కడ అమ్మేవాళ్లు కూర్చోకూడదు. కొనేవాళ్లు ఒక్కరూ లేని మధ్యాహ్నం వేళ స్తంభానికి కాస్త ఆనుకున్నా సూపర్‌వైజరు చూపులోనే పది తిట్లు ఉంటాయి. కొనేవాళ్ల కోసం మాత్రం ఎర్ర మెత్తలు వేసిన బల్లలు నాలుగున్నాయి. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే వాటిని తుడవడమే తప్ప, వాటి మీద ఎప్పుడూ కూర్చుని ఎరగదు.

అందరూ ఆమెను నీలా అంటారు. మన చెవికి ఆ పేరు ఎలా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. కాళ్లు కూడా పేరుకు తగ్గట్టే ఉండేవి. మోకాళ్ల వెనక నుంచి చీలమండల దాకా ఊదారంగు దారాలు చిక్కుపడి పరుచుకుని ఉండేవి. సాలెగూడు నరాలని డాక్టర్లు వాటికి పేరు పెట్టారు. ఊళ్లో సగం మంది పాదాలు నీలాకు తెలుసు. ఎవరి చిటికెనవేలు వంకరో, ఎవరి ఎడమ పాదం కుడిదానికన్నా కాస్త పెద్దదో మొహం చూడకుండా చెప్పేది. తన కాళ్లు మాత్రం ఎవరికీ చూపించేది కాదు. చుట్టాలంతా కలిసి సముద్రానికి వెళ్తే ప్యాంటుతోనే నీళ్లలో దిగేది.

ఈ కాళ్లకు ఇంట్లో ఒక కథ ఉంది. అది చెప్పాలంటే ముందు పాస్మా సంగతి చెప్పాలి. పనిచేసి వేడెక్కిన ఒంటి మీద చల్లనీళ్లు పడకూడదని అక్కడ ఊగే తొట్లోని పిల్లకు కూడా తెలుసు. ఇస్త్రీ చేసిన చేతులు కడగకూడదు, రోజంతా నిలబడ్డ కాళ్లు తడపకూడదు. తడిపితే లోపలి వేడీ బయటి చలువా కొట్టుకుని నరాలు ఉబ్బి పైకి తేలతాయి. అదే పాస్మా. మందు లేదు, మాకు లేదు, పట్టిందంటే పట్టినట్టే.

నీలా కూతురు జోవీకి అప్పుడు ఏడేళ్లు. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు మోలో చర్చిలో ఫాదర్ మోకాళ్ల మీద కూర్చుని పన్నెండుగురు మగవాళ్ల పాదాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకోవడం ఆ పిల్ల బల్ల ఎక్కి మరీ చూసింది. గురు, శుక్రవారాలు మూసేసిన దుకాణం శనివారం తెరిచింది. ఈస్టరుకు చెప్పులు కొనని పాపాత్ముడు ఊళ్లో లేనట్టు జనం వచ్చిపడ్డారు. చీకటి పడే వేళకు నీలా ఇంటికొచ్చి వెదురుబల్ల మీద కూలబడింది. జోవీ కూజాలోని నీళ్లు బేసిన్‌లో పోసుకుని, సగం దారిపొడుగునా ఒలకబోసుకుంటూ తెచ్చింది. తల్లి కాళ్ల మేజోళ్లు విప్పింది. ఒక్కో వేలూ విడివిడిగా కడిగింది. తన బడి తువ్వాలుతో తుడిచి, ఫాదర్ పెట్టినట్టే ముద్దు కూడా పెట్టింది. సరిగ్గా అప్పుడే నీలా అత్తగారు పసింగ్ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి ఆ దృశ్యం చూసి, మూత కింద పడేసింది. నిలబడి వచ్చిన కాళ్ల మీద కూజానీళ్లు పోసి ఈ పిల్ల తల్లిని చంపేస్తోందని పేటంతా వినపడేలా అరిచింది.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి నీలా కాళ్ల మీది ఊదా గీతలు ఇరుగుపొరుగు కంట్లో పడ్డాయి. అత్తగారు తీర్పు చెప్పేసింది. పిల్లను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అంతకన్నా పెద్ద పనే చేశారు, నవ్వారు. ఆ కథ చెప్పడంలో నీలాదే అందె వేసిన చెయ్యి. బాప్తిస్మమైనా, పుట్టినరోజైనా, పేట పండుగైనా, పంది మాంసం సగం ప్లేటు ఖాళీ అయ్యేసరికి ఎవరో ఒకరు అడిగేవారు, ఆమె అందుకునేది. ఫాదర్ గంభీరమైన మొహం పెట్టి చూపించేది, అత్తగారి చేతిలో మూత జారిన చప్పుడు నోటితో చేసేది. చివరికి ప్యాంటు అంచు రెండు వేళ్ల మేర మాత్రం పైకి లాగి, ఇవి మా జోవీ ఏడేళ్లకే నాకు చేయించిన నగలు అనేది. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఇరవై రెండేళ్లు నవ్వారు.

మొన్న జనవరిలో పేట పండుగకు జోవీ బ్యాంకులో తనతో పనిచేసేవాళ్లను భోజనానికి పిలిచింది. ఆమెది కూర్చుని చేసే ఉద్యోగం, దాని గురించి తల్లికి కొండంత గర్వం. కొత్త మనుషులు కనపడగానే నీలాకు హుషారొచ్చి కథ ఎత్తుకుంది. నగల మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వుతుంటే జోవీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నీలా ప్లేట్లు తీసే నెపం మీద వెనకే వెళ్లింది. జోవీ కుళాయి కింద ఒక గ్లాసు కడుగుతోంది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఆ కథ ఇంక చెప్పకమ్మా," అంది.

"నవ్వుకోడానికే కదే."

"నువ్వు నవ్వుకుంటావు. నేను ఆ రోజు నుంచీ నీ కాళ్లు ముట్టుకోలేదు. అదైనా నీకు తెలుసా?"

నీలాకు తెలియదు. అక్కడే నిలబడి వెనక్కి తిరిగి చూసుకుంది. ఈ పిల్ల తనకు జుట్టు కత్తిరించింది, జ్వరం వస్తే వీపుకు నూనె రాసింది, భుజాలు పిసికింది. డెంగీతో పది రోజులు ఆస్పత్రిలో పడుంటే తల దగ్గర నుంచి కదల్లేదు. కానీ మోకాళ్ల కిందకు ఆ చేతులు ఎప్పుడూ రాలేదు. ఒళ్లు తుడిచినప్పుడు కూడా కాళ్ల వంతు వచ్చేసరికి నర్సును పిలిచింది. అది సిగ్గు అనుకుంది తల్లి. ఏడేళ్ల పిల్లకు తాను అంటగట్టిన నేరం ఇరవై తొమ్మిదేళ్ల మనిషి దాకా పెరిగిందని ఆ రోజే తెలిసింది.

జోవీ గ్లాసు వైపు చూస్తూనే మిగతాది చెప్పింది. మందూరియావ్ పేటలో ఒక డాక్టరమ్మ ఉంది, సన్నటి సూదితో ఆ నరాల్లోకి మందు ఎక్కించి వాటిని మాయం చేస్తుంది. డిసెంబరులో బోనసుగా వచ్చిన పదమూడో నెల జీతం దీని కోసమే ఉంచింది, తారీఖు కూడా తీసుకుంది.

"నేను పెట్టిన నగలు నేనే తీయిస్తా," అంది.

నీలాకు యాభై రెండేళ్లు. ఈ వయసులో కాళ్లు ఎవరికి చూపించాలి? పైగా సూది అంటే ఆమెకు కళ్లు తిరుగుతాయి. గీతలు ఉంటే ఉన్నాయి, అవి పోకపోయినా ఆమెకు నష్టం లేదు. కానీ పిల్ల లోపల గుచ్చుకుని ఉన్నది పోవాలి. ఈ సూదితో అదొక్కటి బయటకు వస్తే చాలనుకుని సరేనంది.

అత్తగారు పసింగ్‌కు ఎనభై దగ్గర పడింది గానీ గొంతు తగ్గలేదు. సంగతి విని మూడు రోజులు ఇల్లు పీకి పందిరి వేసింది. మందంటే ఏమిటి, అదీ నీళ్లే కదా అని ఆమె వాదన.

"బయట పోస్తేనే ఇంత అయింది. ఇప్పుడు లోపల పోయించుకుంటావా?"

నిజానికి నీలాకూ లోలోపల అదే భయం.

డాక్టర్ సోన్సాకు నలభై ఏళ్లుంటాయి. తెల్లకోటు కింద పరుగుపందెం బూట్లు వేసుకుంది. అవి చూడగానే నీలాకు సగం ధైర్యం వచ్చింది, కాళ్ల విలువ తెలిసిన మనిషి అనుకుంది. ముందు లోపలి పెద్ద రక్తనాళాలు బాగున్నాయో లేదో యంత్రంతో చూడాలని కాలికి జిగురు రాసింది. అది మంచులా తగిలేసరికి నీలా కాలు వెనక్కి లాగేసుకుంది.

"పాస్మా పట్టదులెండి, మానాంగ్," అంది డాక్టరమ్మ, పెద్దక్కను పిలిచినట్టే. వాళ్ల నాయనమ్మ కూడా పరీక్షలు రాసి వచ్చిన చేతులు కడగనిచ్చేది కాదట. డాక్టరు చదువు మొత్తం సిరా మరకల చేతులతోనే గట్టెక్కానని చెప్పింది.

లోపలి నాళాలు బాగానే ఉన్నాయి. రోజుకు ఎన్ని గంటలు నిలబడతారు, కాన్పులెన్ని, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. బజారులో చేపలమ్మిన తన తల్లికి ఉండేవని నీలా చెప్పింది. ఎప్పటి నుంచి ఉన్నాయని అడిగితే మాత్రం, నోటికి అలవాటైన జవాబే వచ్చింది, పెద్దపిల్లకు ఏడేళ్లప్పటి నుంచి అని. మూలన కుర్చీలో కూర్చున్న జోవీ అప్పుడు మాట్లాడింది. గొంతు బ్యాంకు కౌంటరులో మాట్లాడే గొంతులా లేదు.

"చల్లనీళ్లతో కడిగితే ఇవి వస్తాయా డాక్టర్?"

"రావమ్మా. నీళ్లకూ వీటికీ ఏ సంబంధం లేదు. నిలబడే ఉద్యోగం, కాన్పులు, తల్లి దగ్గర నుంచి వచ్చిన ఒంటి తీరు, ఇవే కారణాలు."

జోవీ తలూపింది. ఆ ఊపు నీలాకు బాగా తెలుసు. కొంచెం బిగువుగా ఉన్నా నాలుగు రోజుల్లో వదులవుతుంది అని చెప్తే కొనేవాళ్లు అలాగే తలూపి, చెప్పులు పెట్టెలో పెట్టేసి వెళ్లిపోతారు. డాక్టరమ్మ అరనిమిషంలో చెప్పిన మాట ఎక్కడ, ఇరవై రెండేళ్లు ఇంటిల్లిపాదీ చెప్పిన మాట ఎక్కడ? పిల్ల నమ్మలేదు. ఊరికే పొడిపించుకోబోతున్నానని నీలాకు అనిపించింది.

సూదులు మొదలయ్యేసరికి జోవీ చూడలేక బయటికి వెళ్లింది. నీలా బోర్లా పడుకుని దిండులో మొహం పెట్టుకుంది. ఎర్రచీమ కుట్టినంత నొప్పి. ఆ వెంటనే కాస్త మంట, ఒకచోట పిక్క పట్టేసి వదిలింది. మందు ఆ సన్నటి నాళం గోడలను లోపల అంటించేస్తుందని, నెత్తురు పక్కనున్న మంచి దారి పట్టుకుంటుందని, అంటుకున్నదాన్ని ఒళ్లే మెల్లగా అరిగించేసుకుంటుందని డాక్టరమ్మ చేస్తూ చేస్తూ చెప్పింది. సూది తగిలిన గీత కళ్లముందే తెల్లబడుతోందని నర్సు సంబరపడింది. కళ్లు తిరుగుతాయేమోనని ఎదురుచూస్తూనే నీలా అరగంట గడిపేసింది. అవి తిరగలేదు.

అయ్యాక నర్సు రెండు వారాలు వేసుకోవలసిన బిగుతు మేజోళ్లు తెచ్చింది.

"చర్మం రంగువి అయిపోయాయి మానాంగ్, ఈ కాఫీరంగువే ఉన్నాయి," అని నొచ్చుకుంటూ విప్పింది.

నీలా వాటిని చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. దుకాణంలో ఆడవాళ్లంతా చర్మం రంగు మేజోళ్లే వేసుకోవాలి, అది నియమం. కాఫీరంగువి ఒక్క నీలాకే, అదీ సూపర్‌వైజరును బతిమాలుకుంటే దొరికిన అనుమతి. ఎందుకు బతిమాలింది? జోవీ తమ్ముడు, చిన్నవాడు, కడుపులో ఉండగా పిక్కల మీద గీతలు పడ్డాయి, పల్చటి రంగులోంచి అవి కనపడుతున్నాయి, అందుకు. చిన్నవాడు పుట్టినప్పుడు జోవీకి ఆరేళ్లు. మేజోళ్లు ఉతికి, అత్తగారు చూడకుండా వంటింటి వెనక ఆరేసుకోవడం కూడా కళ్ల ముందుకు వచ్చింది.

"మా అమ్మాయిని పిలవమ్మా," అంది నర్సుతో.

జోవీ వచ్చింది. ఏమైందో అని మొహం పాలిపోయి ఉంది.

"ఆ రోజు నా కాళ్లు కడిగావు కదా. ముందు మేజోళ్లు విప్పావు. ఏ రంగు అవి?"

ఆ రోజులో జోవీ మరిచిపోయినది ఏదీ లేదు. బేసిన్ అంచున ఉన్న పువ్వు కూడా గుర్తుంది ఆమెకు.

"కాఫీరంగు," అంది. "ఎందుకు?"

"దుకాణంలో మిగతావాళ్లవి ఏ రంగు?"

జోవీ తల్లి చేతిలోని మేజోళ్ల వైపు చూసింది. చిన్నప్పుడు వందసార్లు ఆ దుకాణానికి వెళ్లిన పిల్ల ఆమె.

"అవి ముందే ఉన్నాయి తల్లీ. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడే వచ్చాయి. దాచుకోడానికే ఆ రంగు వేసుకున్నా. నువ్వు విప్పింది వాటినే."

తర్వాతి మాటలు చెప్పడానికి నీలాకు సూదులకన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. అయినా చెప్పింది. నిలబడి నిలబడి వచ్చాయని తెలిస్తే అత్తగారూ భర్తా కలిసి ఉద్యోగం మానిపించేవాళ్లు. ఆ ఉద్యోగమంటే తనకు ప్రాణం. పాస్మా అనేసరికి ఎవరూ ఉద్యోగం ఊసు ఎత్తలేదు.

"నీ మీదకు పోతోందని తెలిసే ఊరుకున్నా. చెప్పగా చెప్పగా చివరికి నేనే నమ్మేశా. తప్పు నాదే. నీ చేతిది కాదు, నీళ్లది కాదు, నాది."

డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ గోడ వైపు తిరిగింది. నర్సు కూడా ఏదో వెతుకుతున్నట్టు సొరుగు తెరిచింది.

సూదులు అయ్యాక పడుకోకుండా అరగంట నడవాలని నియమం. తల్లీకూతుళ్లు నది ఒడ్డున వేసిన బాట మీద నడిచారు. నడిచారంటే, జోవీ పదడుగులు ముందు, నీలా వెనక. పిల్లకు కోపం వచ్చింది, రావాలి కూడా. నీలా పిలవలేదు. బిగుతు మేజోళ్లలో కాళ్లు కొత్తవాళ్లవిలా ఉన్నాయి. తిట్టినా కొట్టినా ఇప్పుడు నిజం ఇద్దరి దగ్గరా ఉంది, తన ఒక్కదాని దగ్గరే లేదు, అనుకుంటే ఎక్కడలేని తేలిక వచ్చింది. వంతెన మలుపు దగ్గర జోవీ ఆగి వెనక్కి తిరిగింది.

"ఇరవై రెండేళ్లమ్మా."

"అవునే."

"తొమ్మిదేళ్లప్పుడు నా మొదటి పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు ఏ పాపం ఒప్పుకున్నానో తెలుసా? మా అమ్మ కాళ్లు పాడుచేశానని చెప్పా. ఫాదర్ ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు వేశాడు."

నీలాకు దుఃఖం పొంగుకొచ్చింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది, పాదాలు కడగడం ఆ పిల్లకు చూపించింది ఆ ఫాదరే కదా. జోవీకీ అదే తట్టినట్టుంది.

"ఆ మూడూ నాకు వెనక్కి ఇమ్మని అడగాలి," అంది.

ఇద్దరూ బాట మధ్య నిలబడి కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. సైకిళ్లవాళ్లు గంటలు కొట్టుకుంటూ చుట్టూ తిరిగి పోయారు. మిగతా సగం దారి పక్కపక్కనే నడిచారు.

మొదటి వారం కాళ్లు ముందుకన్నా ఘోరంగా కనిపించాయి. ఎక్కడికక్కడ కమిలి, గోధుమరంగు మచ్చలు తేలాయి. అవి మామూలేనని, కొన్ని వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. పసింగ్ మాత్రం నేను చెప్పలేదా అని కోడలి కాళ్ల చుట్టూ ప్రదక్షిణం చేసింది. అప్పుడు నీలా భోజనాల దగ్గర, భర్త కూడా ఉండగా, కాఫీరంగు మేజోళ్ల సంగతి మొత్తం బయటపెట్టింది. భర్త జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీప్నీ బండి నడిపే మనిషి, గంటల తరబడి స్టీరింగ్ పట్టిన చేతులు కడగడానికి ఇప్పటికీ జంకుతాడు. ఆయన ముద్ద చేతిలో పట్టుకునే భార్యను ఒకసారి చూసి, కూతురి ప్లేటులో తన చేపముక్క వేశాడు.

"అయితే మేజోళ్లకు ముందే ఎప్పుడో పాస్మా పట్టి ఉంటుంది," అని ముసలామె తేల్చింది. ఆ తర్వాత మనవరాలి పేరు మాత్రం ఎత్తలేదు. ఆమె నోట అంతకన్నా పెద్ద క్షమాపణ ఎవరూ ఆశించలేదు కూడా.

మచ్చలు తేలికపడ్డాయి. ఇంకోసారి సూదులు పడ్డాయి, ఈసారి జోవీ గదిలోనే ఉండి తల్లి చేయి పట్టుకుంది. మార్చి నెల సగానికి వచ్చేసరికి ఊదా దారాల్లో చాలావరకు కనపడకుండా పోయాయి. అక్కడక్కడా ఒకటి రెండు మిగిలాయి, వాటి జోలికి పోవద్దని నీలాయే చెప్పింది. దుకాణంలో కూడా ఒక మార్పు జరిగింది. మధ్యాహ్నం జనం లేని వేళ నీలా ఎర్రమెత్త బల్ల మీద ఐదు నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టింది. మధ్యమధ్య కూర్చోవాలని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ జేబులోనే ఉంది. సూపర్‌వైజరు వచ్చి చూసింది, చీటీ అడగకుండానే వెళ్లిపోయింది.

ఒక శనివారం సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, నీలా ఇంటికొచ్చి వెదురుబల్ల మీద కూర్చుంది. రోజంతా పెళ్లివాళ్ల రద్దీ. కాళ్లు సలుపుతున్నాయి. జోవీ వచ్చి ఎదురుగా నిలబడింది. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతోంది. తల్లే మేజోళ్లు విప్పి పక్కన పడేసింది.

"బేసిన్ తీసుకురావే," అంది.

జోవీ కూజా నీళ్లే పోసుకుని తెచ్చింది. ఈసారి ఒక్క చుక్క ఒలకలేదు. నేల మీద కూర్చుని, చేతులు కాసేపు ఒళ్లోనే పెట్టుకుని, తర్వాత తల్లి పాదం అందుకుంది. వంటింటి గుమ్మంలో పసింగ్ గొంతు సవరించుకుని, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. జోవీ దోసిలితో నీళ్లు మోకాళ్ల దాకా పోసింది. ఒక్కో వేలూ విడివిడిగా కడిగింది. వేళ్లు వెనక్కి వెళ్లి, ఒకప్పుడు గీతలున్న చోట ఆగాయి.

"మరీ చల్లగా ఉన్నాయా అమ్మా?" అంది, ఏడేళ్లప్పుడు అడిగినట్టే.

"హాయిగా ఉన్నాయి," అంది నీలా. ఆ కథను ఎన్నిసార్లు చెప్పిందో, అన్నిసార్లూ వదిలేసిన ముక్క ఒకటుందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. "ఆ రోజు కూడా హాయిగానే ఉన్నాయి తల్లీ. అందుకే నిన్ను ఆపలేదు."